నావోషిమా గుమ్మడికాయకి నాలుగు బోల్టులు బిగించి ఉంటే పోయేదా?

#1 రేవుగట్టు
జపాన్‌లోని నావోషిమా దీవి రేవులో ఉండే పసుపు గుమ్మడికాయ బొమ్మ అలల్లో దొర్లే వీడియో మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. 2021 ఆగస్టు తుపానుది. యాయోయి కుసామా చేసిన బొమ్మ, 1994 నుంచి ఆ రేవు చివరే ఉంది. ఎత్తు 2 మీటర్లు, అడ్డం రెండున్నర ఉంటుంది. భూకంపమొస్తే ఊగి నిలబడే మేడలు కట్టే దేశం కదా, ఒక ఫైబర్ బొమ్మని కాంక్రీటు గట్టుకి బిగించడం చేతకాలేదా? కింద నాలుగు యాంకర్ బోల్టులు దింపితే పోయేది కాదుగా? 2022 అక్టోబరులో కొత్తది చేసి మళ్లీ అక్కడే పెట్టారు. ఇంకో తుపానుకి ఇంకో వీడియో తీసుకోవడానికా? నాకైతే నిర్లక్ష్యం అనిపిస్తోంది. పని తెలిసినవాళ్లు చెప్పండి.

#2 దిష్టిబొమ్మ
మనవాళ్లు షూటింగ్ అయిపోయాక గుమ్మడికాయ కొడతారు. వాళ్లకి సముద్రమే కొట్టిపెట్టింది.

#3 మ్యాటు_రెజిను
నిర్లక్ష్యం కాదండీ. అంతకుముందు తుపాన్లప్పుడు దాన్ని తీసి లోపల పెట్టేవాళ్లు. ఆసారి తీసేలోపే కెరటాలు ముంచుకొచ్చాయి.

బోల్టుల సంగతి లెక్కేసి చూద్దాం. సెకనుకి 40 మీటర్ల గాలి అంటే చదరపు మీటరుకి సుమారు 100 కిలోల తోపు. బొమ్మ ముఖం దాదాపు 4 చదరపు మీటర్లు. గుండ్రటిది కాబట్టి గాలి చాలావరకు జారిపోతుంది, మిగిలేది 200-250 కిలోలు. దీనికి నాలుగు బోల్టులు ఎక్కువే.

నీళ్ల లెక్క వేరు. సెకనుకి 4 మీటర్ల వేగంతో వచ్చే నీళ్లు బొమ్మలో సగానికి తగిలితే టన్ను దగ్గర తోపు. కెరటం సరిగ్గా బొమ్మ మీదే విరిగితే దానికి రెండు మూడింతలు. పైగా తేలుడు. ఆ కొలతల బొమ్మ పూర్తిగా మునిగితే ఆరున్నర ఘనపు మీటర్ల నీటిని పక్కకి నెడుతుంది, అంటే ఆరున్నర టన్నుల బలం పైకి లేపుతుంది. సగం మునిగినా మూడు టన్నులు. అడుగు తెరిచి ఉన్నా సరే, లోపల గాలి ఇరుక్కుంటే ఇదే లెక్క.

ఇంత బలానికి బోల్టు తెగదు. బోల్టు చుట్టూ ఉన్న ఫైబర్ చిరుగుతుంది. ముందు అంచు ఊడుతుంది, ఆ చీలిక పైకి పాకుతుంది.

#4 రేవుగట్టు
@మ్యాటు_రెజిను అంచు మందంగా చేసి లోపల ఇనుప ప్లేటు వేస్తే? మన ఊళ్లలో కూడలి విగ్రహాలన్నీ అలాగే నిలబడ్డాయిగా.

#5 మ్యాటు_రెజిను
కూడలి విగ్రహానికి కెరటం తగలదు కదా.

వెయ్యాలనుకుంటే ఇలా. చదరపు మీటరుకి 450 గ్రాములుండే గాజుపీచు మ్యాటు ఒక పొర రెజిన్ (గట్టిపడే జిగురు) తాగితే ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. రెండు మీటర్ల బొమ్మకి ఒంటి మీద 5-6 పొరలు వేస్తారు. బోల్టు పడే అంచు మాత్రం 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉండాలి. అదీ ఒక్కసారిగా వేస్తే రెజిన్ లోపల్లోపల కాగి పసుపెక్కి పగుళ్లిస్తుంది. 3-4 పొరలేసి, వేడి దిగాక గరుకు చేసి, మళ్లీ 3-4 పొరలు. లోపలి వైపు 6 మిల్లీమీటర్ల స్టీలు ప్లేటు అంచంతా చుట్టి రావాలి, ముక్కలుగా కాదు. బోల్టు రంధ్రం బోల్టు కన్నా 2 మిల్లీమీటర్లు పెద్దది చేసి రబ్బరు బుష్ పెట్టాలి.

రెజిన్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మార్కెట్లో చవగ్గా దొరికే మామూలు రెజిన్ ఉప్పునీటికి పనికిరాదు. ఐసోఫ్తాలిక్ గానీ వినైల్ ఎస్టర్ గానీ కావాలి. లేకపోతే రెండు మూడేళ్లలో పైన ఉండే నున్నటి రంగుపొర, అంటే జెల్‌కోట్ కింద బొబ్బలు లేస్తాయి. అదేదో రంగు లోపం అనుకుని పైన మళ్లీ రంగేస్తారు. బొబ్బ గుచ్చి చూస్తే పుల్లటి వాసనతో నీరు కారుతుంది. జెల్‌కోట్ అర మిల్లీమీటరు దగ్గర ఉండాలి. పల్చనైతే మ్యాటు పీచు పైకి తేలుతుంది, ఎక్కువైతే ఎండకి పగుళ్లు.

ఇంత చేశాక బొమ్మ గట్టుని వదలదు, నిజమే. అప్పుడు కెరటం కడుపులో గుద్దుతుంది. అంచు మందం 15, కడుపు మందం 6. ఎక్కడ పగులుతుందో మీరే చెప్పండి.

#6 ఉప్పుగాలి
పై పోస్టులో స్టీలు అని వదిలేశారు. ఏ స్టీలన్నదే అసలు సంగతి. 304 రకం స్టెయిన్‌లెస్ తీసుకొచ్చి సముద్రం పక్క పెడితే ఏడాది తిరక్కుండా టీ మరకల్లాంటి తుప్పు చారలు దిగుతాయి. 316 కావాలి, వెల్డింగ్ ఉంటే 316ఎల్. 316 కూడా వానకి కడుక్కునే చోటే బాగుంటుంది. ప్లేటు కిందా వాషరు కిందా ఉప్పు పేరుకుని గాలాడకపోతే అక్కడ సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. పైకి తళతళ, లోపల జల్లెడ.

జింకు పూత ఇనుము చవక. మామూలుగా పూత 85 మైక్రాన్లు వస్తుంది. సముద్రం ఒడ్డున ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్లు పోతుంది. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో చేతులెత్తేస్తుంది.

ఇంకోటి, అల్యూమినియం ఫ్రేముకి స్టెయిన్‌లెస్ బోల్టు. ఇది చేయని పిల్ల కాంట్రాక్టరు లేడు. ఉప్పునీరు తగిలితే అల్యూమినియం తెల్లపిండైపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు, బోల్టు ఒంటికి నైలాన్ తొడుగు. రెండూ కావాలి, ఒక్కటి పెట్టి వదిలేస్తే లాభం లేదు.

#7 ఆటుపోటు
నేను కొంచెం అడ్డం తిరుగుతా. "తీసి పెట్టుకోవచ్చు" అనేది చెప్పినంత తేలిక కాదు. దీవిలో క్రేను ఎక్కడుంటుంది? ఉన్నా ఆ రేవు చివరిదాకా పోతుందా? ఈ దీవులుండే సెటో లోపలి సముద్రంలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్ల పైన ఉంటుంది, పడవ మీద నుంచి ఎత్తాలంటే నీళ్లు ఎక్కిన గంటా రెండు గంటల్లోనే పని జరగాలి. తుపానుకి 24 గంటల ముందే ఫెర్రీలు ఆగిపోవచ్చు. అంటే 36-48 గంటల ముందే, ఆకాశం నీలంగా ఉన్నప్పుడే "తీసేయండి" అని ఎవరో ఒకరు అనాలి. అప్పటికి తుపాను దారి మూడు రకాలుగా చూపిస్తుంటారు. తీశాక తుపాను రాకపోతే బొమ్మ కోసం టికెట్టు కొనుక్కొచ్చిన జనం తిడతారు. ఈ నిర్ణయం దగ్గరే పని చెడుతుంది. బోల్టుల దగ్గర కాదు, రెజిన్ దగ్గరా కాదు.

అందుకే తీయక్కర్లేనిదే చెయ్యాలి అంటాను. లోపల సిమెంటు నింపేస్తే సరి.

#8 మ్యాటు_రెజిను
@ఆటుపోటు లోపల సిమెంటు నింపితే ఫైబర్ ఒక లెక్క ప్రకారం, సిమెంటు ఇంకో లెక్క ప్రకారం ఎండకి పెరుగుతాయి. రెండు వేసవులకి పెంకు విడుతుంది. మధ్యలోకి నీరు చేరుతుంది. 15 టన్నుల గుమ్మడికాయ కింద పాత చేపలరేవు గట్టు ఏమవుతుందో కూడా ఆలోచించండి.

#9 ఫ్యూజుతీగ
మధ్యేమార్గం ఉంది. కావాలనే బలహీనమైన బోల్టు వేయడం. ఫైబర్ చిరిగే బలానికి సగం దగ్గరే తెగే పిన్ను. ఇంట్లో ఫ్యూజులాగా. బొమ్మ విడిపోయి తేలుతుంది, గొలుసు కట్టి ఉంటే ఎక్కడికీ పోదు.

#10 ఉప్పుగాలి
గొలుసు కట్టి వదిలితే తాడు కట్టిన దూడలా గట్టు చుట్టూ తిరుగుతూ గట్టుకే తల బాదుకుంటుంది. ఆ వీడియోలో బొమ్మ పగిలింది ఒడ్డుకి కొట్టుకునే కదా. గొలుసు వద్దు, వదిలేయండి, తర్వాత పడవేసుకుని వెతుక్కోండి.

#11 ఫ్యూజుతీగ
గొలుసు మాట నిజమే. వెనక్కి తీసుకున్నా. పిన్ను మాట మాత్రం తీసుకోను.

#12 మ్యాటు_రెజిను
కొత్త గుమ్మడికాయ సంగతి #1లో అడిగారు. పెంకు పాతదానికన్నా కాస్త మందం పెంచారు, ఎత్తి తీయడం సులువయ్యేలా చేశారు. అంటే వాళ్లు కూడా బిగించే దారి వదిలేసి ఎత్తే దారే పట్టుకున్నారు. @ఆటుపోటు చెప్పిన నిర్ణయం సమస్య అలాగే ఉంది, కాకపోతే ఎత్తే పని రెండు గంటలది అరగంటలో అయితే నిర్ణయం ఆలస్యమైనా సరిపోతుంది.

ఒక్క మాట. 2004 ఆగస్టు తుపానులో ఎదురుగా ఉన్న తకమత్సు నగరంలోకే ఉప్పెన నీళ్లొచ్చాయి. పోటు మీద తుపాను పడితే గట్టు ఎత్తు అనేదానికి అర్థమే ఉండదు.

#13 తాపీలెక్క
మీరంతా గుమ్మడికాయ చుట్టూ తిరుగుతున్నారు. నిజమైన పనితనం చూడాలంటే పక్క దీవి టెషిమాకి వెళ్లండి. అక్కడ 2010లో కట్టిన మ్యూజియం. ఆర్కిటెక్టు ర్యూయే నిషిజావా, లోపలి కళాకృతి రే నైతోది. 40 మీటర్లు బై 60 మీటర్ల కాంక్రీటు పెంకు, మందం 25 సెంటీమీటర్లు, ఒక్క స్తంభం లేదు. ఎత్తు మహా అయితే నాలుగున్నర మీటర్లు. పైన రెండు పెద్ద కన్నాలు, అద్దాలు లేవు. వాన, గాలి, పురుగు అన్నీ లోపలికే.

సెంట్రింగ్ ఎలా కొట్టారని అడగండి. కొట్టలేదు. కావలసిన ఆకారంలో మట్టిదిబ్బ పోసి, గట్టిపరిచి, పైన నున్నగా చేసి, దాని మీద ఊచలు కట్టి కాంక్రీటు పోశారు. అది గట్టిపడ్డాక కింద మట్టంతా తవ్వి బయటకి తీశారు. ప్లైవుడ్ అయితే ప్రతి షీటు అతుకు గీతలా పైకి అచ్చు పడుతుంది. మట్టికి అతుకు ఉండదు.

విన్నంత తేలిక కాదు. మొదటి ఇబ్బంది, దిబ్బ మీద వాన పడితే అక్కడక్కడ కుంగుతుంది, అక్కడ పెంకు మందం మారిపోతుంది. అందుకని పోసే ముందు రోజు మళ్లీ మట్టాలు చూసుకోవాలి. తర్వాత మాలు. పల్చనైతే వాలు మీద జారి అంచుల్లో పేరుకుంటుంది, గట్టిదైతే ఊచల కింద గుల్ల ఉండిపోతుంది. అంచుల్లో వాలు ఎక్కువ, నడిమధ్య దాదాపు బల్లపరుపు, కాబట్టి ఒకే మాలు రెండు చోట్లా కుదరదు. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి మధ్యలో ఆపకూడదు. గంటన్నర రెండు గంటలు ఆగితే పాతదానికీ కొత్తదానికీ అతుకు పడి గీత కనిపిస్తుంది, అక్కడే నీరు దిగుతుంది. ఆ కొలతలకి నా లెక్క ప్రకారం 450 ఘనపు మీటర్ల పైమాటే. 6 ఘనపు మీటర్ల మిక్సరు బండ్లు 75. దీవి మీద, ఏకబిగిన. ఒక్క బండి రోడ్డు మీద ఆగిపోయిందంటే ఇక అంతే.

ఇంత పలచటి గోపురం అంచుల దగ్గర బయటికి విపరీతంగా తంతుంది. ఆ తన్నుడు కాసే పునాది మాత్రం చూసేవాళ్లకి కనపడదు. ఫొటోల్లో కనిపించే తేలికతనమంతా దాని పుణ్యమే.

#14 దిష్టిబొమ్మ
అంత కట్టి లోపల ఏం పెట్టారు?

#15 తాపీలెక్క
నీళ్లు.

#16 దిష్టిబొమ్మ
ఏంది భయ్యా, స్లాబు కారుతోందా? మా ఇంట్లో కూడా ఉంది ఆ ఇన్‌స్టలేషన్. టికెట్టు పెట్టాల్సింది.

#17 తామరాకు
నవ్వుకోండి గానీ పని చాలా సూక్ష్మం. నేలలో సూది మొనంత కన్నాలు. వాటిలోంచి భూగర్భజలం బొట్టు బొట్టుగా పైకొస్తుంది. నేలకి నీరు అంటని పూత ఉంది, తామరాకులాగా. నేల చదునుగా కనిపిస్తుంది గానీ కాదు, ఉందా లేదా అన్నంత వాలు. బొట్టు పుట్టి, కాసేపు కూర్చుని, ఒణికి, ఉన్నట్టుండి పాములా జారి ఇంకోదాంతో కలిసి, అన్నీ కలిసి ఒక మడుగుకి చేరతాయి.

బొట్టు ఎందుకు ఆగుతుంది, ఎందుకు కదులుతుంది? నీటికి రెండు, మూడు మిల్లీమీటర్ల సైజు దాకా ఉపరితల బిగుతుదే పెత్తనం, గుండ్రంగా నిలబడుతుంది. అది దాటితే బరువు గెలుస్తుంది. ఆ హద్దు మీద ఉన్న బొట్టుని పైకన్నంలోంచి వచ్చే గాలి చాలు కదిలించడానికి. అందుకే పైన అద్దాలు వేయలేదు. వేస్తే బొమ్మ సగం చచ్చినట్టే.

ఏం చెడుతుంది అంటే, ముందు చెప్పుకోవాల్సింది అరికాలి జిడ్డు. చెప్పులు బయట వదిలించి వాళ్లిచ్చిన మెత్తటి స్లిప్పర్లతోనే లోపలికి పంపుతారు. ఇది గుడి మర్యాద అనుకునేరు. నేల మీద జిడ్డు చారిక పడితే బొట్టు అక్కడ అతుక్కుని పలకలా పరుచుకుంటుంది, వెనక వచ్చేవి దారి మారతాయి. ఇలాంటిది ఇంకెక్కడైనా చేయాలనుకునేవాళ్లకి ఇంకో హెచ్చరిక, నీటి కాఠిన్యం. మన బోరునీళ్లతో చేస్తే బొట్టు ఆరిన చోట తెల్ల ఉంగరం మిగులుతుంది, వారంలో కన్నాలు పూడతాయి. ముందు నీళ్లు పరీక్ష చేయించండి.

నేల మీద చిన్న చిన్న తెల్ల గోళాలూ పళ్లేలూ కూడా ఉంటాయి. అవీ కళాకృతిలో భాగమే, తొక్కకండి. ఫొటోలు తీయనివ్వరు.

#18 రేవుగట్టు
@తామరాకు ఫొటోలు వద్దనడం మాత్రం నాకు నచ్చదు. అంత దూరం వెళ్లి...

#19 తామరాకు
ఫోన్ పైకెత్తిన మనిషి కింద చూడడు. కింద చూడకపోతే బొట్టు తొక్కుతాడు. కారణం అంతే అనుకున్నా సరిపోతుంది.

#20 సంచారి_సంచీ
వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. లెక్క వెనక నుంచి మొదలెట్టండి, అంటే తిరుగు ప్రయాణం ఆఖరి పడవ ఎన్నింటికో చూసి అక్కడి నుంచి ముందుకి రండి. ఉనో రేవు నుంచి నావోషిమాకి ఫెర్రీలో 20 నిమిషాలు, తకమత్సు నుంచి 50. టెషిమాకి పడవలు తక్కువ, చిన్నవి, నిండితే మిగిలినవాళ్లు రేవులోనే. ఇంకో దీవి ఇనుజిమాకి వెళ్లేది మనుషుల పడవే, కారు ఎక్కదు. టెషిమా కొండ దారి, మామూలు సైకిలు అద్దెకి తీసుకుంటే మోకాళ్లు ఏడుస్తాయి, బ్యాటరీ సైకిలే తీసుకోండి.

నావోషిమాలో చిచ్చూ మ్యూజియానికి టైము స్లాటు ముందే బుక్ చేసుకోవాలి. ఆర్కిటెక్టు తడావో ఆండో 2004లో కొండలో పాతిపెట్టినట్టు కట్టాడు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే తామరకొలను చిత్రాలు ఐదు, పగటి వెలుతురులోనే చూడాలి, ఆ గదిలో లైట్లు లేవు. మబ్బు పడితే చిత్రం మారుతుంది. ఆ గది నేల 2 సెంటీమీటర్ల పాలరాతి ఘనాలు 7 లక్షలు పరిచి చేసింది, చిత్రాలు చూసే తొందరలో కాళ్ల కింద చూడడం మరిచిపోకండి.

మ్యూజియాల సెలవులు దీవికో రోజు. నావోషిమాలో ఎక్కువ సోమవారం, టెషిమాలో మంగళవారం. ఇది చూసుకోక గేటు ముందు నిలబడేవాళ్లు రోజూ ఉంటారు. శాకాహారులు తిండి సంచీలో పెట్టుకోవాల్సిందే, చేపల పులుసు పడని కూర అక్కడ అరుదు.

#21 ఆటుపోటు
నావోషిమాలోనే ఉన్న మినామిడేరా వదిలేశారు. ఆండో కట్టిన చెక్క ఇల్లు, లోపల వెలుగుతో కళ చేసే జేమ్స్ టరెల్ పని. చిమ్మచీకటి. గోడ పట్టుకుని వెళ్లి బల్ల మీద కూర్చుంటే ఐదు పది నిమిషాలకి ఎదురుగా ఏదో లేత వెలుగు తేలుతుంది. వెలుగు అప్పుడు వెయ్యరు, మొదటి నుంచీ అక్కడే ఉంటుంది. మన కళ్లకే అప్పటిదాకా తెలియదు. ఆ గదిలో ఎవరైనా చేతిగడియారం లైటు వెలిగించారో, పదిహేను మంది కళ్లూ మళ్లీ మొదటికి.

#22 ఊరిబాట
ఇంతసేపు బోల్టులు, బొట్లు. ఊళ్లో ఉండేవాళ్ల సంగతేంటి? ఈ దీవుల్లో మూడేళ్లకోసారి జరిగే కళోత్సవం సెటోచి ట్రియెన్నాలే, 2010లో మొదటిదానికి 3 లక్షల మంది వస్తారనుకుంటే 9 లక్షల 38 వేలు వచ్చారు. నావోషిమా జనాభా 3 వేలు. ఇనుజిమాలో ఉండేవాళ్లు యాభై మంది కూడా లేరు. పడవలో సీటు, మరుగుదొడ్డి, తాగునీరు, చెత్త, అన్నీ ఎవరి నెత్తిన? ముసలావిడ ఆసుపత్రికి వెళ్లడానికి పడవ దొరక్కపోతే ఆ కళ ఎందుకు?

#23 సంచారి_సంచీ
చెత్త మాట వచ్చింది కాబట్టి. టెషిమా పేరు జపాన్‌లో మొదట మారుమోగింది కళతో కాదు, చెత్తతోనే. 1975 నుంచి 1990 దాకా అక్కడ పరిశ్రమల వ్యర్థాలు దొంగతనంగా పోశారు. ఊరివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2000లో రాజీ కుదిరింది. 9 లక్షల టన్నుల పైగా తవ్వి పడవల్లో నావోషిమాకి తీసుకెళ్లి కరిగించారు, 2017 దాకా పట్టింది. నావోషిమాలో 1917 నుంచే రాగి కరిగించే ఫ్యాక్టరీ ఉంది. ఈ దీవులకి "అందమైన పల్లె" అని పేరు పెట్టి వదిలేస్తే సగం దాచినట్టు.

#24 ఊరిబాట
అదీ మాట. ఈ సంగతి తెలియకుండా ఆ నీటిబొట్టు చూస్తే ఏం చూసినట్టు?

#25 ఫ్యూజుతీగ
@ఊరిబాట మీ కోపం సగమే ఒప్పుకుంటా. ఊరిని పనిలోకి లాగినవీ ఉన్నాయి. నావోషిమాలో 1998లో మొదలైన, పాత ఇళ్లని కళాకృతులుగా మార్చే ప్రాజెక్టులో మొదటిది కడోయా. పాత ఇల్లు, లోపల నీళ్ల మడుగు, మడుగులో తత్సువో మియాజిమా పెట్టిన 125 ఎల్‌ఈడీ అంకెలు. ఒక్కో అంకె ఎంత వేగంగా తిరగాలో ఊరివాళ్లు 125 మంది నిర్ణయించారు, 5 ఏళ్ల పిల్లల నుంచి 95 ఏళ్ల పెద్దల దాకా. అంకెలు 1 నుంచి 9 దాకానే, సున్నా రాదు. తన అంకె ఎక్కడుందో తెలిసిన మనిషి దాన్ని పాడుకానివ్వడు.

నీళ్లలో ఎల్‌ఈడీ చేసేవాళ్లకి: 12 లేదా 24 వోల్టులే, ట్రాన్స్‌ఫార్మరు పొడి గదిలో. కేబులు తొడుగు చుట్టూ సీలు ఎంత గట్టిగా వేసినా తీగపోగుల మధ్యలోంచి నీరు పీల్చుకుంటూ మీటర్ల కొద్దీ పాకుతుంది. అతుకు దగ్గర పోగులు విప్పి రెజిన్ పోసి ముంచాలి. ఒక్కో అంకెకీ విడి ప్లగ్గు ఉండాలి, వరసగా కలిపితే ఒకటి పోతే వీధి మొత్తం చీకటి.

#26 ఉప్పుగాలి
ఓగిజిమా దీవి సంగతి కూడా చెప్పాలి. కొండకి అతుక్కున్న ఊరు, సందుల్లో బండి పోదు. అక్కడి పెద్దవాళ్లు సామాన్లు తోసుకెళ్లే చిన్న చక్రాల బండిని ఓన్బా అంటారు. వాటికి రంగులేసి చెక్క బిగించి ఒక్కొక్కరికీ ఒక్కో తీరులో చేసిచ్చారు. కళ అంటే కళ, రోజూ ఉల్లిపాయలు మోసే బండి అంటే బండి. 2014లో ఆ దీవిలో మూతపడిన బడి మళ్లీ తెరిచారు, పిల్లలున్న కుటుంబాలు తిరిగొచ్చాయి కాబట్టి. అది మొత్తం కళ వల్లే అని నేననను, కానీ సంబంధం లేదనీ అనలేం.

పనివాళ్లకి అక్కడ పాఠం ఒక్కటే. రేవు నుంచి పై ఇంటికి ప్రతిదీ మనిషి మోయాలి. ఏ ముక్కా 2 మీటర్లు దాటకూడదు, మలుపులో తిరగదు. 25 కిలోలు దాటకూడదు. వెల్డింగ్ అక్కడ పెట్టుకోకండి, అన్నీ బోల్టులే. విడి బోల్టులు పదిశాతం ఎక్కువ తీసుకెళ్లండి. 8 నంబరు నట్టు ఒక్కటి తగ్గితే తేవడానికి పడవెక్కాలి.

#27 ఊరిబాట
ఓన్బా బావుంది. ఒప్పుకున్నా. పడవ సీటు మాట మాత్రం అలాగే ఉంది. దీవివాళ్లని ముందు ఎక్కించాలి, అంతే.

#28 గొట్టంగాలి
ఇనుజిమా గురించి ఎవరూ రాయలేదేం? రాగి శుద్ధి కర్మాగారం, 1909 నుంచి పదేళ్లు నడిచి ఆగిపోయింది. ఆ శిథిలాన్నే 2008లో మ్యూజియం చేశారు, ఆర్కిటెక్టు హిరోషి సంబుయిచి, కళ యుకినోరి యనాగిది. ఏసీ లేదు. గాలిని నేలలోపలి సొరంగంలాంటి దారిలోంచి తెచ్చి చల్లార్చి, అద్దాల గదిలో వేడెక్కించి, పాత పొగగొట్టంలోంచి పైకి లాగిస్తారు. చలికాలం ఆ వేడినే లోపలికి మళ్లిస్తారు. రాగి తీయగా మిగిలిన నల్ల చిట్టెంతో పోసిన ఇటుకలే వేడిని దాచుకుంటాయి.

ఇది చూసి మన దగ్గర కూడా గొట్టం పెడితే ఏసీ అక్కర్లేదు అనుకునేవాళ్లకి లెక్క. 10 మీటర్ల ఎత్తుకి, లోపలా బయటా 10 డిగ్రీల తేడాకి, వచ్చే లాగుడు సుమారు 4 పాస్కళ్లు. అంటే ఏమీ లేనట్టే. దారి వెడల్పుగా ఉండాలి, మలుపులు తక్కువుండాలి, మధ్యలో సన్నటి జాలీ ఒక్కటి పెట్టినా ఆగిపోతుంది. మే నెలలో రాజమండ్రిలో బయట 44 ఉంటే లోపలి చల్లగాలి గొట్టంలోంచి పైకి పోదు, కిందికి దిగుతుంది.

#29 లంకపొలం
గోదావరి లంకల్లో రేవు దగ్గర ఇలాంటి బొమ్మ పెడితే ఇదే లెక్కేనా? సముద్రం కాదు కదా, కెరటాలుండవు.

#30 ఆటుపోటు
@లంకపొలం లెక్క వేరు, సుఖం మాత్రం కాదు. కెరటం కొట్టి వెనక్కి పోతుంది, వరద రోజుల తరబడి తోస్తూనే ఉంటుంది. పైగా ఒట్టి నీరు రాదు. గుర్రపుడెక్క, దుంగలు, చెట్లకి చెట్లు కొట్టుకొస్తాయి. 2 చదరపు మీటర్ల బొమ్మకి గుర్రపుడెక్క చుట్టుకుంటే 10 చదరపు మీటర్ల గోడవుతుంది, తోపు ఐదింతలు. కింద మట్టి కోసుకుపోతుంది, పునాది ఎంత బావున్నా గాల్లో వేలాడుతుంది. నిండుగా ఉండే ఆకారం వద్దు, నీరు మధ్యలోంచి పోయేలా కమ్మీల ఆకారం చేయండి, కమ్మీల మధ్య కనీసం అర మీటరు సందు. లేదంటే జులై రాకముందే తీసి అక్టోబరులో పెట్టండి. వరద రాక తుపాను దారి కన్నా ఖాయంగా తెలుస్తుంది, భద్రాచలం దగ్గర మట్టం చూసుకుంటే లంకలకి ఒక రోజు దాకా టైముంటుంది.

#31 మ్యాటు_రెజిను
ఫైబర్ విగ్రహాల పనివాళ్లు తెనాలిలో, కొత్తపేటలో కావలసినంత మంది ఉన్నారు, చేతిపనికి కొదవ లేదు. ఆర్డరిచ్చేటప్పుడే రెండు మాటలు కాగితం మీద రాయించండి. రెజిన్ ఏ రకం, ఎత్తడానికి తాడు తగిలించే కన్నులు (రింగులు) ఎన్ని, ఎక్కడ. "ఎత్తడం తర్వాత చూసుకుందాంలే" అంటే తాడు మెడకే వేస్తారు.

#32 దిష్టిబొమ్మ
మెడలేని బొమ్మకి ఆ బాధ లేదు. గుమ్మడికాయ ఎంచుకోవడంలో కుసామా తెలివి అదే.

#33 రేవుగట్టు
సరే, నాలుగు బోల్టులూ నిర్లక్ష్యమూ రెండూ వెనక్కి తీసుకుంటున్నా. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే వంతు నాది. ఆఖరి ప్రశ్న. @మ్యాటు_రెజిను తీసి పెట్టే బొమ్మకి ఎత్తే కన్ను ఎలాంటిది పెట్టాలి? పైన ఒక్కటి చాలదా?

#34 మ్యాటు_రెజిను
ఒక్కటి పెడితే గాలికి బొంగరంలా తిరుగుతుంది, పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు వేలాడాలి. పైన ఒకటి బరువుకి, కింద అంచులో ఎదురెదురుగా రెండు తాళ్లు కట్టి ఆపడానికి. పై కన్ను ఫైబర్‌లోకి కాదు, లోపలి ఫ్రేముకి వెల్డింగ్ చేసి పైకి తీయాలి, 316ఎల్. మరమేకు ఉన్న కన్ను అయితే మిగతా రోజుల్లో తీసి మూత బిగించండి, లేకపోతే వాననీరు లోపలికి దిగి మూలన పడి ఉంటుంది, ఎత్తేటప్పుడు బరువు ఒక పక్కకి లాగుతుంది. మూత మరకి గ్రీజు పూయండి. ఆ సైజు పానా రేవు దగ్గరే ఒక పెట్టెలో, ఇంకోటి మ్యూజియం ఆఫీసులో. గాలి మొదలయ్యాక వెతికితే దొరకనిది అదొక్కటే.

#35 ఉప్పుగాలి
పానాకి కూడా గ్రీజు. పెట్టెలో ఉన్నదే ముందు తుప్పు పడుతుంది.